విద్యార్థి దశలో గాంధీజీ

ఫిబ్రవరి గడచి మార్చి వచ్చిందంటే కళాశాల వసారాల తీరే మారిపోతుంది. సంవత్సరారంభంలో అట్టలు వేసి, పేర్లు వ్రాసి, మొదటి నాలుగు పుటలను ముత్యాల వంటి అక్షరాలతో నింపిన నోటుపుస్తకాలు తక్కిన భాగమంతా తెల్లగానే మిగిలి ఉంటాయి. హాజరు చాలనివారి పేర్లు నోటీసు బోర్డు మీదికి ఎక్కుతాయి. ఎవరి నోట్సు ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. గ్రంథాలయంలో ఏడాది పొడుగునా దుమ్ము పట్టిన పుస్తకం కోసం ఒకే రోజున పదిమంది వస్తారు. పెద్దలు దీనిని బద్ధకమని నిందిస్తారు గాని, ఆ రోజులలో విద్యార్థుల ముఖాలను పరిశీలించినవారికి అక్కడ ఎక్కువగా కనిపించేది భయం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు చదవాలో, ఏది వదలాలో తెలియని భయం.

ఇటువంటి భయంతోనే 1888వ సంవత్సరంలో ఒక పద్దెనిమిదేండ్ల యువకుడు కాఠియవాడ్‌లోని భావనగర్‌లో సామల్‌దాస్ కళాశాలలో ఒక టర్ము గడిపాడు. అధ్యాపకులు చెప్పేది అతనికి అర్థం కాలేదు. అధ్యాపకులు సమర్థులే, లోపమంతా తనదేనని అతనికి తెలుసు. టర్ము ముగియగానే ఇల్లు చేరుకున్నాడు. విద్యార్థిగా ఆ కళాశాలలో మరల అడుగు పెట్టలేదు. ఆ యువకుని పేరు మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ.

గాంధీజీ అనగానే మనకు దండియాత్ర, రాట్నం, కూడళ్ళలోని విగ్రహాలు స్ఫురిస్తాయి. టర్ము చివర చదువు వదలి ఇంటికి వచ్చిన ఆ బిడియస్థుడైన పిల్లవాడు స్ఫురించడు. ఆ పిల్లవాడు ఆ తరువాత మూడేండ్లలో తన కాలాన్నీ, తన డబ్బునూ, తన పుస్తకాలనూ ఏ విధంగా ఒక దారికి తెచ్చుకున్నాడన్నదే ఈ వ్యాసానికి విషయం. ఆయన తన ఆత్మకథలో ఈ భాగాన్ని దాపరికం లేకుండా వ్రాసుకొన్నందువల్ల మనకు ఊహలతో పని లేదు.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో ఆయన జన్మించారు. తండ్రి కరమ్‌చంద్ సంస్థానంలో దివాను. తల్లి పుత్లీబాయి వ్రతాలు, ఉపవాసాలు తప్పని భక్తురాలు. పోరుబందరు బడిలో ఎక్కాలు వల్లించడమే కష్టంగా ఉండేది. ఏడేండ్ల ప్రాయంలో కుటుంబం రాజకోటకు మారింది. అక్కడి ఉన్నత పాఠశాలలో చేరిన మొదటి సంవత్సరమే గైల్స్ అనే తనిఖీ అధికారి వచ్చి అయిదు ఆంగ్ల పదాలు వ్రాయించడం, మోహన్‌దాస్ ఒక పదాన్ని తప్పు వ్రాయడం, ఉపాధ్యాయుడు బూటు మొనతో తాకి పక్కవాని పలకలో చూసి వ్రాయమని సంజ్ఞ చేసినా అది అతనికి అర్థం కాకపోవడం మనకందరికీ తెలిసిన కథే. పరీక్షల కాలంలో దీనిని జ్ఞాపకం చేసుకొన్నా తప్పు లేదు. అయితే నాకు దీనికన్నా పాఠశాలలో జరిగిన మరొక చిన్న సంఘటన ముఖ్యంగా తోస్తుంది.

ప్రధానోపాధ్యాయులు దొరాబ్జీ ఎదుల్జీ గిమీగారు పై తరగతులవారికి వ్యాయామాన్ని తప్పనిసరి చేశారు. తండ్రి మంచాన పడినందువల్ల బడి వదలగానే ఆయనకు సేవ చేయడానికి పరుగెత్తే మోహన్‌దాస్‌కు ఇది ఇబ్బంది కలిగించింది. ఒక శనివారం ఉదయం పూట బడి జరిగింది. వ్యాయామానికి మరల సాయంకాలం 4 గంటలకు రావాలి. ఇంట్లో అతనికి గడియారం లేదు. ఆకాశం మబ్బు పట్టి ఉండడంతో ప్రొద్దు తెలియలేదు. అతడు వెళ్ళేసరికి అందరూ వెళ్ళిపోయారు. మరునాడు హాజరుపట్టీ చూసి కారణమడిగితే జరిగింది జరిగినట్లు చెప్పాడు. గిమీగారు నమ్మలేదు. అణానో, రెండణాలో జరిమానా పడింది. జరిమానా కన్న, తాను అబద్ధమాడినట్లు లెక్కకు రావడం అతనిని ఎంతగానో ఏడిపించింది. నిజం చెప్పేవాడు జాగ్రత్తగా కూడ ఉండాలని ఆనాడు అతనికి తెలిసివచ్చింది. సంజాయిషీ ఎంత సత్యమైనా, వేళకు రానివాని సంజాయిషీకి విలువ తక్కువ. చివరకు ఆ జరిమానాను రద్దు చేయించుకున్నాడనుకోండి.

పదమూడేండ్ల వయస్సులో కస్తూర్బాతో వివాహం జరిగింది. దానితో ఒక సంవత్సరం చదువు పోయింది. పోయిన సంవత్సరాన్ని పూడ్చడానికి ఉపాధ్యాయుడు అతనిని ఒక తరగతి దాటించి నాలుగవ తరగతిలో కూర్చోబెట్టాడు. ఆ తరగతిలో అనేక విషయాలు ఆంగ్లంలోనే బోధించేవారు. రేఖాగణితం బొత్తిగా కొత్త. ఆంగ్లంలో చెప్పే రేఖాగణితం అతనికి గోడలాగా అడ్డు నిలిచింది. మూడవ తరగతికి తిరిగి వెళ్ళిపోదామని పలుమార్లు అనుకున్నాడు. అలా వెళితే తన మీద నమ్మకంతో పై తరగతికి పంపిన ఉపాధ్యాయునికి తలవంపు కలుగుతుందని ఆగాడు. కుస్తీ పడి పడి, యూక్లిడ్ పదమూడవ సిద్ధాంతం దాకా వచ్చేసరికి, ఆ శాస్త్రంలో ఉన్నదంతా వరుసగా తర్కించడమే తప్ప మరేమీ లేదని హఠాత్తుగా బోధపడింది. అటు పిమ్మట రేఖాగణితం అతనికి సులభమైనదే కాక ఆసక్తికరమైనది కూడ అయింది. పన్నెండు సిద్ధాంతాల దాకా ఏమీ తెలియకుండానే ఓపిక పట్టవలసి వచ్చిందని మనం గమనించాలి. మనలో చాలామంది మూడవదాని దగ్గరే పుస్తకం మూసివేస్తాము.

సంస్కృతం మరొక చిక్కు. అందులో తర్కానికి తావు లేదు, అంతా కంఠస్థం. సంస్కృత ఉపాధ్యాయుడు కృష్ణశంకర పాండ్యా గట్టి పని చేయించే మనిషి. పారసీ బోధించే మౌల్వీగారు మెత్తని మనిషి, పారసీ సులభం కూడానని పిల్లలు చెప్పుకునేవారు. మోహన్‌దాస్ ఒకనాడు వెళ్ళి పారసీ తరగతిలో కూర్చున్నాడు. కృష్ణశంకరులు కోపగించుకోలేదు. పిలిచి, కష్టమేదైనా ఉంటే తన దగ్గరకు రమ్మని నచ్చజెప్పారు. ఆ ప్రేమకు సిగ్గుపడి పిల్లవాడు తిరిగి వచ్చాడు. ఇందులో పారసీకి తక్కువ చేసిన మాట ఏమీ లేదు. సులభమన్న ఒక్క కారణంతో విషయాన్ని మార్చుకోవడంలోని తొందరపాటే ఉన్నది. పెద్దవాడైన తరువాత గాంధీజీ సంస్కృతం, పారసీ, అరబీ మూడూ మన విద్యలో ఉండాలనీ, మంచి ఉర్దూ రావాలంటే పారసీ, అరబీలతో పరిచయం తప్పదనీ అభిప్రాయపడ్డారు. సంస్కృతం, పారసీ తరగతుల మధ్య ఊగిసలాడిన ఆ కుర్రవాని కథ ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినవచ్చే మన కళాశాలలో చెప్పుకోదగినదే.

అతడు ఒక విషయంలో మాత్రం చేజేతులా నష్టపోయాడు. మంచి దస్తూరీ విద్యలో భాగం కాదని ఎక్కడినుండో ఒక అపోహ తలకెక్కింది. అక్షరాలను నిర్లక్ష్యం చేశాడు. దక్షిణాఫ్రికాలో తోటి న్యాయవాదుల ముత్యాల వంటి వ్రాతను చూసి సిగ్గుపడి సరిదిద్దుకోవాలని యత్నించినా అప్పటికే కాలం మించిపోయింది. జీవితాంతం ఆయన చేతివ్రాత అంతంత మాత్రంగానే మిగిలింది. జవాబు పత్రాలు దిద్దేవారి కష్టం తెలిసినవాడను కనుక దీనిని ప్రత్యేకంగా ప్రస్తావించక తప్పదు.

1885లో తండ్రి కన్నుమూశారు. 1887 నవంబరులో మోహన్‌దాస్ అహమ్మదాబాదుకు ఒంటరిగా ప్రయాణం చేసి మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నాడు. 625 మార్కులకు 247½ వచ్చాయి. నూటికి నలభై కూడ నిండలేదు. ఈ సంఖ్యను చూపి, గాంధీగారికే అన్ని మార్కులు వచ్చాయి, మనకెందుకు ఈ తాపత్రయమని వాదించే విద్యార్థులు ఉంటారు. ఆ వాదాన్ని గాంధీగారే ఒప్పుకొని ఉండరు. ఆ మార్కులతో కళాశాలలో చేరినందువల్లనే కదా మొదటి టర్ములో అంత ఉక్కిరిబిక్కిరి అయ్యాడు.

ఆ టర్ము సెలవులలోనే కుటుంబ మిత్రుడైన మావ్‌జీ దవే ఇంటికి వచ్చి, నాలుగైదేండ్లు ఇక్కడ బి.ఏ. చదివినా దివానుగిరీ వచ్చే కాలం కాదని, ఇంగ్లండులో మూడేండ్లు చదివితే బారిస్టరు కావచ్చునని సలహా చెప్పాడు. ఖర్చు నాలుగైదు వేల రూపాయలు. ఆ రోజులలో అది చిన్న మొత్తం కాదు. అన్నగారు లక్ష్మీదాస్ ఎలాగో తంటాలు పడి సిద్ధం చేస్తానన్నారు. తల్లికి మాత్రం బెంగ. మద్యం, మాంసం, పరస్త్రీ ఈ మూడింటినీ ముట్టనని ఒక జైన సాధువు సమక్షంలో కుమారునిచేత ప్రమాణం చేయించుకొన్న తరువాతనే ఆమె అనుమతించింది. బొంబాయిలో కులపెద్దలు సభ కూర్చి, సముద్రం దాటితే వెలివేస్తామన్నారు. అతడు వినలేదు. వెలివేశారు, అతనికి సహాయం చేసినా, రేవుకు సాగనంప వెళ్ళినా రూపాయి నాలుగణాల జరిమానా విధించారు. భార్యనూ, నెలల బిడ్డనూ వదలి 1888 సెప్టెంబరు 4వ తేదీన ఓడ ఎక్కాడు. భావనగర్‌లో ఓడినవాడికి ఇక వెనుదిరిగే దారి లేదు. అన్నగారి అప్పు, అమ్మగారి వ్రతం, కులంవారి వెలి, ఈ మూడూ నెత్తిన పెట్టుకొని చదవడానికి వెళ్ళాడు.

వెళ్ళి ఏమి చేశాడు? మొదటి నెలలలో చదువు కన్న వేషమే ఎక్కువైంది. 19 షిల్లింగులు పెట్టి పొడుగు టోపీ కొన్నాడు. బాండ్ స్ట్రీటులో 10 పౌనులకు సాయంకాలపు దుస్తులు కుట్టించుకున్నాడు. అన్నగారికి వ్రాసి బంగారు గొలుసు తెప్పించుకున్నాడు. 3 పౌనులు కట్టి నృత్యం నేర్చుకొనే తరగతిలో చేరాడు. మూడు వారాలలో ఆరు పాఠాలు సాగాయి కాని కాలు తాళానికి కలియలేదు. చెవికి సంగీతం అలవాటు చేయడానికి మరొక 3 పౌనులు పెట్టి వయొలిన్ కొన్నాడు. ఉపన్యాసకళ నేర్పే గురువు దగ్గరకూ వెళ్ళాడు. ఈ వెర్రి మూడు నెలలు సాగింది. తాను ఇంగ్లండులో స్థిరపడడానికి రాలేదని, విద్యార్థినని, విద్యార్థిగా ఉంటే చాలునని ఆ పిమ్మట కనువిప్పు కలిగింది. వయొలిన్‌ను అమ్మిపెట్టమని దాని గురువునే వేడుకున్నాడు.

అయితే ఆ మూడు నెలల వెర్రిలో కూడ ఒక్క పని మానలేదు. పైసా పైసాకూ లెక్క వ్రాశాడు. ఓమ్నిబస్సుకు ఇచ్చినది, తపాలా బిళ్ళకు పెట్టినది, వార్తాపత్రికకు ఇచ్చిన చిల్లర, అన్నీ చిట్టాలో పడేవి. ప్రతి రాత్రి నిద్రకు ముందు నిలవ తేల్చేవాడు. తప్పు జరగకపోవడం కన్న, జరిగిన తప్పు కాగితం మీద కనిపించడం మేలని నాకనిపిస్తుంది. టోపీ, దుస్తులు, నృత్యం, వయొలిన్ అన్నీ అంకెలుగా వరుసగా నిలబడి ఉంటే మనిషి తనను తాను ఎంతకాలం మోసగించుకోగలడు?

ఆ చిట్టా చూచుకొనే ఖర్చు సగానికి తగ్గించాలని నిర్ణయించాడు. ఒక కుటుంబంలో వారానికింతని ఇచ్చి ఉండడంవల్ల మర్యాదల ఖర్చు పెరుగుతున్నది. కనుక వేరుగా గదులు తీసుకున్నాడు. పనిపడిన చోటికి అరగంటలో నడిచి వెళ్ళగలిగేటట్లు గదులు ఎంచుకున్నాడు. బండికూలి మిగిలింది, రోజుకు ఎనిమిది పది మైళ్ళ నడకతో ఆరోగ్యం కూడ నిలిచింది. కొంతకాలానికి, వారానికి రెండు షిల్లింగుల అద్దె గదిలో ఉంటూ చౌక దుకాణంలో రొట్టె, కోకోలతో కడుపు నింపుకొనే ఒక బీద విద్యార్థి సంగతి తెలిసి, తన రెండు గదులలో ఒకటి వదిలాడు. ఒక పొయ్యి కొన్నాడు. ప్రొద్దున ఓట్సు జావ, కోకోకు మరిగించిన నీళ్ళు. వంటకు ఇరవై నిమిషాలు మించదు. మధ్యాహ్నం బయట భోజనం, రాత్రి గదిలోనే రొట్టె, కోకో. దినానికి 1 షిల్లింగు 3 పెన్నీలతో తిండి గడిచిపోయేది. ఈ జీవితం దుర్భరంగా ఉండేదనుకోకండి. లోపల, వెలుపల ఒక పొందిక ఏర్పడినందువల్ల మనస్సు ఆనందంగా ఉండేదని ఆయన జ్ఞాపకం.

ఇక చదువు సంగతి. ఆ రోజులలో బారిస్టరు కావడానికి రెండు నియమాలుండేవి. ఒకటి పరీక్షలు, రెండవది టర్ములు పూర్తి చేయడం. పన్నెండు టర్ములు, అనగా దాదాపు మూడేండ్లు. టర్ము పూర్తి చేయడమంటే ఏమిటనుకున్నారు? విందు భోజనాలకు హాజరు కావడం! ఒక్కొక్క టర్ములో ఇరవై నాలుగు విందులలో కనీసం ఆరింటికి వెళ్ళాలి. తినకపోయినా సరే, వేళకు వెళ్ళి కడదాకా కూర్చుంటే హాజరు పడుతుంది. నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారా ఇచ్చేవారు. మోహన్‌దాస్ త్రాగడు కనుక అతని పక్కన కూర్చోవడానికి మిగిలిన విద్యార్థులు పోటీపడేవారు. అతని వంతు వారికి దక్కుతుంది కదా. హాజరు కోసమే తరగతికి వచ్చే విద్యార్థులు మన కాలంలోనే పుట్టలేదని దీనివల్ల తేలుతున్నది.

పరీక్షలు సైతం అంతే తేలిక. రోమన్ న్యాయశాస్త్రానికి రెండు వారాలు, ఇంగ్లండు సామాన్య న్యాయశాస్త్రానికి రెండు మూడు నెలలు అచ్చు నోట్సు వల్లిస్తే గట్టెక్కవచ్చు. మొదటి దానిలో నూటికి తొంభై అయిదుకు పైగా, రెండవ దానిలో డెబ్బై అయిదుకు పైగా ఉత్తీర్ణులయ్యేవారు. సంవత్సరానికి నాలుగుసార్లు పరీక్ష జరిగేది. ఇంత తీరిక చేతిలో ఉండగా మోహన్‌దాస్ దానిని ఏ విధంగా గడపాలా అని ఆలోచించాడు. తన ఆంగ్లం బలహీనమని తెలుసు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో చదవాలంటే డబ్బు, కాలం రెండూ చాలవు. ఒక మిత్రుడు లండన్ మెట్రిక్యులేషన్‌కు కూర్చోమన్నాడు. శ్రమ ఎక్కువ, ఖర్చు తక్కువ.

పాఠ్యప్రణాళిక చూసి అదిరిపడ్డాడు. లాటిన్, మరొక యూరపు భాష తప్పనిసరి. లాటిన్ వస్తే న్యాయశాస్త్రం సులభమవుతుందని, రోమన్ న్యాయశాస్త్రంలో ఒక పత్రం పూర్తిగా లాటిన్‌లోనే ఉంటుందని ఆ మిత్రుడు చెప్పాడు. పరీక్ష ఆరు నెలలకొకసారి. తన చేతిలో అయిదు నెలలే ఉన్నాయి. అంతకు మునుపే ఫ్రెంచి మొదలుపెట్టి ఉన్నాడు కనుక రెండవ భాషగా దానినే తీసుకున్నాడు. ఒక ప్రైవేటు తరగతిలో చేరి, నిమిషాల లెక్కతో దినచర్య వ్రాసుకున్నాడు. ఆంగ్ల మర్యాదలు నేర్చుకోబోయిన యువకుడు ఇప్పుడు గడియారానికి కట్టుబడిన విద్యార్థి అయ్యాడు.

అయినా లాటిన్‌లో తప్పాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగదలిచాను. ప్రణాళిక వేసుకుంటే విజయం తప్పదని చెప్పే పుస్తకాలు అంగళ్ళలో కొల్లలుగా ఉన్నాయి. నిమిషాల లెక్కతో చదివిన మనిషి తప్పాడన్నది ఇక్కడ సత్యం. భావనగర్‌లో ఓడినప్పటికీ, లండనులో తప్పినప్పటికీ తేడా ఎక్కడున్నది? భావనగర్‌లో తనకు ఏది రాదో అతనికే తెలియదు, అన్నీ రావు. లండనులో ఏది ఎంత వచ్చునో, ఏది రాలేదో స్పష్టంగా తెలుసు. బాధపడ్డాడు గాని బెదరలేదు. లాటిన్ మీద అప్పటికే రుచి పుట్టింది. మరొకమారు చదివితే ఫ్రెంచి కూడ మెరుగుపడుతుందనుకున్నాడు. శాస్త్రవిషయాలలో రసాయనశాస్త్రం ప్రయోగాలు చూడనందువల్ల తలకెక్కడం లేదని గ్రహించి, దానిని వదలి ఉష్ణము, కాంతి అనే విషయాన్ని తీసుకున్నాడు. బాల్యంలో సంస్కృతం వదలి పారసీకి వెళ్ళబోయిన మార్పుకూ, ఈ మార్పుకూ ఎంత అంతరమున్నదో చదువరులే గ్రహించగలరు. గది ఒకటి వదలి పొయ్యి కొన్నది కూడ ఈ రెండవ ప్రయత్నం నాడే. 1890లో పరీక్ష నెగ్గాడు.

ఆపైన న్యాయశాస్త్రం. నోట్సుతో గట్టెక్కే దారి తెరచి ఉన్నా పాఠ్యగ్రంథాలన్నీ డబ్బు పోసి కొన్నాడు. వాటిని చదవకుండా ఉత్తీర్ణుడు కావడం మోసమనిపించింది. రోమన్ న్యాయశాస్త్రాన్ని లాటిన్‌లోనే చదివాడు. ఇంగ్లండు న్యాయశాస్త్రానికి తొమ్మిది నెలలు గట్టిగా శ్రమించాడు. బ్రూమ్ రచించిన పెద్ద గ్రంథం ఆసక్తిగా సాగింది. స్నెల్ రచన కొరుకుడు పడలేదు. స్థిరాస్తుల మీద విలియమ్స్ వ్రాసిన పుస్తకం మాత్రం నవల చదివినట్లు చదివాడట. స్థిరాస్తి న్యాయం నవలలా ఉండడం మనకు నమ్మశక్యం కాకపోయినా, విషయంలో మునిగినవానికి అలా తోస్తుంది కాబోలు. రెండు మూడు నెలలతో సరిపోయేదానికి తొమ్మిది నెలలు వెచ్చించడం అవివేకమని ఆనాటి తోటి విద్యార్థులు అనుకొని ఉండవచ్చు. దక్షిణాఫ్రికాలో చలామణిలో ఉన్నది రోమన్ డచ్చి న్యాయమని, లాటిన్‌లో చదివిన ఆ గ్రంథం ఒకనాడు అక్కడ అక్కరకు వస్తుందని అప్పటికి ఎవరికి తెలుసు?

1891 జూన్ 10వ తేదీన బారిస్టరు పట్టా చేతికి వచ్చింది. 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నాడు. 12న స్వదేశానికి ఓడ ఎక్కాడు. ఇంత వరుసగా సాగిన చదువు చివర మనస్సులో సంతోషం ఉండవలసింది, ఉన్నది దిగులే. న్యాయశాస్త్రం చదివాడు గాని వకాలతు చేయడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. బొంబాయి రేవులో దిగిన తరువాత మరొక పిడుగు. తాను ఇంగ్లండులో ఉండగానే తల్లి మరణించింది. పరదేశంలో తట్టుకోలేడని అన్నగారు ఆ వార్తను దాచి ఉంచారు. ఎవరికోసం మూడు వ్రతాలను అక్షరాలా పాటించాడో ఆ తల్లికి చెప్పుకొనే భాగ్యం లేకపోయింది.

బొంబాయిలో చిన్న దావాల కోర్టులో మొదటి కేసు. సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడ్డాడు. తల తిరిగింది, నోట మాట రాలేదు, కూర్చుండిపోయాడు. తీసుకొన్న 30 రూపాయలు తిరిగి ఇచ్చి, మరొక వకీలును పెట్టుకోమన్నాడు. నెలకు 75 రూపాయల జీతానికి రోజుకొక గంట ఆంగ్లం బోధించే ఉద్యోగం ఒక ఉన్నత పాఠశాలలో ఉన్నదని ప్రకటన చూసి వెళ్ళాడు. లాటిన్ రెండవ భాషగా లండన్ మెట్రిక్యులేషన్ నెగ్గానని చెప్పుకొన్నాడు. పట్టభద్రుడే కావాలని వారు తిప్పి పంపారు. భావనగర్‌లో వదలివచ్చిన బి.ఏ. అలా అడ్డు తగిలింది.

1893లో దాదా అబ్దుల్లా అండ్ కంపెనీ అనే ముస్లిం వర్తకుల పక్షాన ఒక సంవత్సరానికి 105 పౌనుల వేతనంతో దక్షిణాఫ్రికా వెళ్ళాడు. 40,000 పౌనుల దావా. అంతా వర్తకపు లెక్కల మీద నడిచే వ్యవహారం. జమాఖర్చుల పారిభాషిక పదాలు అతనికి తెలియవు, గుమాస్తా పి.నోటు అంటుంటే అది ప్రామిసరీ నోటు అని కూడ తెలియలేదు. సిగ్గుపడి కూర్చోకుండా వ్యాపారపు లెక్కలకు సంబంధించిన పుస్తకం ఒకటి కొని చదివాడు. కాగితాలన్నీ వరుస చేసి, ఉభయపక్షాల వాస్తవాలనూ ఆమూలాగ్రం తెలుసుకున్నాడు. బంధువులైన ఆ వర్తకులిద్దరినీ చివరకు మధ్యవర్తి తీర్పుకు ఒప్పించాడు. ఓడినవారు దివాలా తీయకుండా సొమ్మును సులభ వాయిదాలలో చెల్లించే ఏర్పాటు కూడ చేశాడు. బొంబాయి కోర్టులో నోరు పెగలని బారిస్టరుకు అక్కడ తన విద్య ఏమిటో తెలిసింది.

ఆ తరువాతి చరిత్ర జగద్విదితం. సంవత్సరాల వారీగా ఇక్కడ వల్లించడం అనవసరం. విద్యార్థి దశలోని అలవాట్లు ఆయనను విడువలేదని మాత్రం చెప్పాలి. 1896లో దర్బాను నుండి కలకత్తాకు 24 రోజుల ఓడ ప్రయాణంలో డెక్కు ప్రయాణికులలో ఒక మున్షీని వెదకి పట్టుకొని ఉర్దూ నేర్చుకున్నారు. అదే ఓడలోని ఒక ఆంగ్లేయ అధికారి తోడి విద్యార్థి. ఆయనకు ఒకసారి చూసిన పదం మరపునకు రాదట; గాంధీగారికి లిపి గుర్తుపట్టడమే కష్టమయ్యేది. ఆ ప్రయాణంలోనే స్వబోధిని ఒకటి పెట్టుకొని తమిళం కూడ చదివారు. జొహాన్నెస్‌బర్గులో వకాలతు ముమ్మరంగా సాగే రోజులలో భగవద్గీత కంఠస్థం చేయడానికి తీరిక దొరకకపోతే, పళ్ళు తోముకొనే పదిహేను నిమిషాలను అందుకు కేటాయించారు. శ్లోకాలు వ్రాసిన కాగితపు ముక్కలు ఎదుటి గోడకు అంటించుకొని పదమూడు అధ్యాయాలు పూర్తి చేశారు. 1922లో యరవాడ జైలులో పడినప్పుడు దినాన్ని చదువుకూ, రాట్నానికీ పంచి, ఉర్దూ మరల చేపట్టారు. అప్పటికి ఆయనకు యాభై రెండేండ్లు దాటాయి.

లెక్కలు వ్రాసే అలవాటు మన విజయవాడకు కూడ వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశంలో దేశం ముందు మూడు లక్ష్యాలు ఉంచారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. గడువు జూన్ 30. ఇంత పెద్ద దేశానికి అంకె, తేదీ రెండూ నిర్ణయించి పని చెప్పడం అప్పటికి కొత్త. నిధి విషయంలో లక్ష్యం నెరవేరింది. లక్షల రూపాయల ప్రజాధనం చేతుల మీదుగా నడిచినా తన ఉద్యమాలు అప్పుల పాలు కాకపోవడానికి లండను చిట్టాయే కారణమని ఆయన నమ్మకం.

బాల్యంలో గడియారం లేక జరిమానా పడిన మనిషి పెద్దవాడైన తరువాత గడియారం లేకుండా కనిపించలేదు. నడుమున వ్రేలాడే ఆ చౌకబారు గడియారాన్ని ఛాయాచిత్రాలలో మనమందరమూ చూశాము. 1948 జనవరి 30వ తేదీ సాయంకాలం ఢిల్లీలో సర్దార్ పటేల్‌తో మాటలలో పడి అయిదు గంటల ప్రార్థనకు ఆలస్యమైంది. దగ్గరనున్న ఆభా వేళ మించిందని గడియారం చూపించవలసి వచ్చింది. ఆయన లేచి, మనూ, ఆభాల భుజాల మీద చేతులు వేసి, పచ్చిక మీదుగా వడివడిగా నడిచారు. ప్రార్థనకు పది నిమిషాలు ఆలస్యం చేసినందుకు దారి పొడుగునా నొచ్చుకుంటూనే ఉన్నారు. వేదిక మెట్లు ఎక్కి కొన్ని అడుగులు వేశారో లేదో, గుంపులోనుండి గాడ్సే ముందుకు వచ్చి మూడుసార్లు కాల్చాడు.